ఏడడుగుల మెట్ల గదిలో చెక్కపని సాగుతుందా?

మెట్లగది (సత్యనారాయణపురం, విజయవాడ):

సభ్యులందరికీ నమస్కారం. మాది పాతకాలపు రెండంతస్తుల ఇల్లు. డాబా మీదికి వెళ్లే మెట్లు ముగిసేచోట ఏడడుగుల వెడల్పు, పదడుగుల పొడవు గల గది ఒకటి ఉంది. ఇంతకాలం అందులో పాత పరుపులు, సంక్రాంతికి మాత్రమే బయటికి వచ్చే బొమ్మల కొలువు పెట్టెలు, నీళ్ల ట్యాంకుది విరిగిన మూత ఒకటి పడి ఉండేవి. పరుపులను వదిలించుకొని, పెట్టెలను అటక ఎక్కించాక గది నా చేతికి వచ్చింది. పిల్లలకు చదువుకునే బల్ల, పుస్తకాల అర, రెండు స్టూళ్లు సొంతంగా చేసుకోవాలని చాలాకాలంగా కోరిక. సొరుగుకు పిడి బిగించడం తప్ప నాకు ఈ పనిలో అనుభవం లేదు. ముప్పై వేల రూపాయలు పక్కన పెట్టాను. ముందుగా ఒక టేబుల్ సా (బల్ల నడుమ గుండ్రటి రంపపు బ్లేడు తిరిగే కోత యంత్రం) కొందామని అనుకుంటున్నాను. గదికి పడమటి వైపు కిటికీ, రెండున్నర అడుగుల తలుపు, పాతకాలపు చిన్న ప్లగ్గు ఒకటి ఉన్నాయి. ఏ యంత్రం కొంటే ఈ గదిలో ఇముడుతుందో తెలిసినవారు చెప్పగలరు.

బాడిశ (కొరిటెపాడు, గుంటూరు):

మా ఇంట్లో మూడు తరాలుగా ఇదే వృత్తి. ఇప్పుడు నేను ఇళ్లకు కప్‌బోర్డులు చేసే కాంట్రాక్టులు తీసుకుంటున్నాను. యంత్రం పేరు చెప్పేముందు మీతో ఒక లెక్క వేయిస్తాను. టేబుల్ సా నిలబడటానికి రెండున్నర అడుగుల చదరం చాలు, కాని అసలు చోటు తినేది దానిలోంచి నడిచే చెక్క. 8 అడుగుల ప్లైవుడ్డు పలకను నిలువునా చీల్చాలంటే బ్లేడుకు ఇవతల 8 అడుగులు, అవతల 8 అడుగులు ఖాళీ ఉండాలి. మీరు నిలబడే చోటు దానికి అదనం. మీ గది మొత్తం పొడవు పదడుగులు. అంటే యంత్రం ఇముడుతుంది, పని ఇమడదు.

పైగా 18 మిల్లీమీటర్ల మందం గల 8×4 పలక ముప్పై కిలోలు దాటుతుంది. దాన్ని మెట్ల మలుపుల్లో తిప్పుకుంటూ రెండంతస్తులు మోసి చూసినవారు రెండోసారి ఆ పని చేయరు. కోత మిషను ఉన్న ప్లైవుడ్డు షాపులో కొలతల చీటీ ఇచ్చి అక్కడే ముక్కలు చేయించుకోండి. చీటీ రాసేటప్పుడు ప్రతి కోతకూ బ్లేడు మందం, అంటే సుమారు 3 మిల్లీమీటర్లు, పొట్టుగా పోతుందని గుర్తుంచుకోండి. కొత్తగా మొదలుపెట్టినవారు ఈ లెక్క వదిలేసి, నాలుగో అర దాదాపు మూడు సూతులు (సూతు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు) పొట్టిగా వచ్చిందని షాపువాడితో తగవు పడుతుంటారు.

ఇక మిగిలిన కోతలకు 7 అంగుళాల చేతి సర్క్యులర్ సా (చేత్తో పట్టుకొని నడిపే గుండ్రటి బ్లేడు రంపం) ఒకటి సరిపోతుంది. దాన్ని గదిలో నడపకండి. డాబా మీద మందపాటి థర్మోకోల్ షీటు పరిచి, దానిపై చెక్క పెట్టి, బ్లేడు లోతును చెక్క మందం కంటే ఒక సూతు మాత్రమే ఎక్కువగా పెట్టి, తిన్నని బద్దను దారిగా బిగించి కోయండి. కింద ఆధారం అంతటా ఉంటుంది కనుక తెగిన ముక్క వంగి బ్లేడును పట్టుకోదు. కోత డాబా మీద, కూర్పు గదిలో అని విభజించుకుంటే మీకున్న చోటు చిన్నదేమీ కాదు.

పాత రంపం (బ్రాడీపేట, గుంటూరు):

బాడిశ గారు చెప్పిన లెక్క సరైనదే, కాని ఆయన సర్క్యులర్ సా దగ్గర ఆగారు. నేను ఇంకొంచెం వెనక్కి వెళతాను. ఉద్యోగ విరమణ తర్వాత ఈ పని మొదలుపెట్టి, పన్నెండేళ్లుగా పడకగది మూలలో చేసుకుంటున్నవాణ్ని. మన వడ్రంగులు నేల మీద కూర్చొని, పాదాలతో చెక్కను అదిమి పట్టి ఉలి కొట్టేవారు. వారి సరంజామా అంతా ఒక గోనెసంచిలో ఇమిడేది. ఇప్పటికీ కొండపల్లికి వెళ్లి చూడండి: తెల్ల పొనికి కర్రను సన్న సెగకు ఆరబెట్టి, ఇంటి ముందర కూర్చొని నాలుగైదు పనిముట్లతో చెక్కి, చేతులు కాళ్లు విడిగా తయారుచేసి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి, ఏనుగు అంబారీని నిలబెడతారు. ఆ బొమ్మలకు 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాటిని చేసినచోట టేబుల్ సా లేదు.

బాబూ, మొదట ఇవి కొనండి: ఒక మంచి చేతి రంపం, పావు, అర, ఒక అంగుళం ఉలులు మూడు, చెక్కను నునుపు చేసే తోపుడా ఒకటి, మూల సరిచూసే మూలమట్టం ఒకటి, ఒక కొయ్య సుత్తి, నాలుగు సి క్లాంపులు. క్లాంపులు చాలనిచోట పాత సైకిలు ట్యూబును రెండంగుళాల పట్టీలుగా కోసి బిగించి చుడితే జిగురు ఆరేవరకు గట్టిగా పట్టి ఉంచుతుంది. ఈ సామాను అంతా మీ డబ్బులో మూడో వంతుకు మించదు.

కొత్త ఉలిని కొన్నరోజే చెక్క మీద పెట్టకండి. దాని వెనుకభాగం కంటికి చదునుగానే ఉంటుంది. మందపాటి అద్దం ముక్క మీద వాటర్ పేపరు తడిపి అతికించి, 220 నంబరుపై పదిసార్లు రుద్ది ఎత్తి చూడండి. అంచుల వెంట మెరుపు, నడుమ మసక కనిపిస్తుంది. ఆ మసక ఉన్నంతమేరా గుంట ఉన్నట్టు లెక్క. మొన దగ్గర అంగుళం మేర ఒకే మెరుపు వచ్చేదాకా రుద్ది, ఆపైన 400, 800, 1,500 నంబర్ల మీదికి మారండి. తర్వాత వాలు ముఖాన్ని 25 డిగ్రీల దగ్గర నూరి, మొనను మాత్రం 30 డిగ్రీలకు లేపి నాలుగైదుసార్లు లాగితే, వెనుకవైపు వేలికి సన్నటి గరుకు తగులుతుంది. ఆ గరుకు పోయేలా వెనుకభాగాన్ని ఒక్కసారి చదునుగా రుద్దండి. మెత్తని చెక్క అడ్డకోత ముఖాన్ని ఆ ఉలితో తోసినప్పుడు పొడి రాలకుండా పొర లేస్తే పని అయినట్టే. సైకిలు మీద వచ్చే సాన పట్టేవాడికి కత్తిపీట ఇవ్వండి, ఉలి మాత్రం ఇవ్వకండి. రాయి వేడికి ఉక్కు నీలం రంగుకు తిరిగిందంటే ఆ మేర పదును నిలవదు.

బాల్కనీ బల్ల (భవానీపురం, విజయవాడ):

నేను అపార్టుమెంటు బాల్కనీలో, నాలుగడుగుల వెడల్పులో పిల్లల బొమ్మలు, చిన్న స్టూళ్లు చేస్తుంటాను. పాత రంపం గారంటే గౌరవమే కాని, నలభై దాటిన మోకాళ్లతో నేల మీద గంటలకొద్దీ కూర్చోవడం అందరివల్లా కాదు. గోడకు మడిచే బల్ల చేసుకోండి. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్డు ముక్కలు రెండింటిని జిగురుతో కలిపి, స్క్రూలతో బిగిస్తే 36 మిల్లీమీటర్ల మందం వస్తుంది. ఉలి దెబ్బకు ఎగరకుండా ఉండాలంటే ఈ బరువు అవసరం. గోడకు ఒక మందపాటి టేకు బద్దను యాంకర్ బోల్టులతో బిగించి, కబ్జాలు (మడత బందులు) ఆ బద్దకు పెట్టండి. పాత ఇళ్ల గోడల్లో పైపూతకు బిగించిన బోల్టు నెల తిరగకుండా ఊడి చేతికి వస్తుంది. ఎత్తు ఎంత ఉండాలంటే, చెప్పులతో నిలబడి చేతులు వేలాడదీసినప్పుడు మణికట్టు ఉండేంత. నాకు అది 31 అంగుళాలు, మా వారికి 34. బల్ల నాది కనుక 31 పెట్టాం.

దుమ్ము సంగతి ఎవరూ ఎత్తలేదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్క దుమ్మును మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. కంటికి కనిపించే పొట్టు కంటే ఉప్పు కాగితం రుద్దినప్పుడు లేచే సన్న పొడి ప్రమాదకరం. ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో కలిపి నొక్కి చేసిన పలక) అయితే అందులోని జిగురు కూడా ఆ పొడిలో కలుస్తుంది. ఎన్‌95 మాస్కు పెట్టుకోండి, రుద్దే పని కిటికీ పక్కన కాకుండా డాబా మీదే చేయండి. ఊడ్చేముందు కాసిని నీళ్లు చిలకరించడం మన ఆడవాళ్లకు ఎవరూ నేర్పనక్కరలేదు, మగవాళ్లకు మాత్రం చెప్పాలి.

శబ్దం విషయానికి వస్తే, 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లు హద్దు. రాత్రి అంటే పదింటి నుంచి ఉదయం ఆరింటి దాకా. చట్టం అంతవరకే చెబుతుంది కాని, మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా కునుకు తీసే మా పక్కింటి పెద్దావిడే నాకు అసలు చట్టం. ఆమెకు ఒక మందుల పెట్టె చేసి ఇచ్చాక ఫిర్యాదులు తగ్గాయి. మీ చెవుల మాట కూడా చూసుకోండి: సర్క్యులర్ సా దగ్గర మోత 100 డెసిబెల్ల వరకు ఉంటుంది, ఆ స్థాయిని రోజుకు పావుగంటకు మించి వినకూడదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ లెక్క.

మెట్లగది:

అందరికీ కృతజ్ఞతలు. టేబుల్ సా ఆలోచన విరమించుకున్నాను. ఒక చిన్న సందేహం. నా దగ్గర టైల్స్ పని కోసం కొన్న నాలుగంగుళాల గ్రైండరు ఉంది. దానికి చెక్క కోసే పళ్ల బ్లేడు తగిలిస్తే సర్క్యులర్ సా ఖర్చు కూడా తప్పుతుంది కదా? బజారులో ఆ బ్లేడ్లు నూట యాభైకి దొరుకుతున్నాయి.

బాడిశ:

వద్దు. ఈ ఒక్క విషయంలో నా మాట వినండి. నాలుగంగుళాల గ్రైండరు నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. చేతి సర్క్యులర్ సా ఐదారు వేలతో సరిపెట్టుకుంటుంది. సర్క్యులర్ సాకు చెక్క మీద ఆనించే వెడల్పాటి పళ్లెం, బ్లేడును తానే కప్పుకొనే కింది మూత ఉంటాయి. గ్రైండరుకు ఇవేవీ లేవు, పెద్ద బ్లేడు పట్టదని ఉన్న ఒక్క మూతా పీకేస్తారు. పళ్లు చెక్కలో ఇరుక్కున్న క్షణాన ఆ యంత్రం మన వైపు గెంతుతుంది.

ఆరేళ్ల కిందట నా దగ్గర పనిచేసే కుర్రవాడు తలుపు చట్రానికి గాడి తీస్తూ ఇదే పని చేశాడు. నేను మూడడుగుల దూరంలో కొలత గీస్తున్నాను. మోత ఒక్కసారిగా మారింది. తల తిప్పేసరికి గ్రైండరు కింద తిరుగుతూనే ఉంది, కుర్రవాడు ఎడమచేతిని కుడిచేతితో పట్టుకొని ఆశ్చర్యంగా చూసుకుంటున్నాడు. బొటనవేలి నరం తెగింది. కుట్లు పడ్డాయి, ఎనిమిది నెలలు పనికి దూరమయ్యాడు, ఇప్పటికీ ఆ వేలితో మేకు పట్టుకోలేడు. ఆ బ్లేడు కొనిచ్చింది నేనే. నూట యాభై రూపాయలే.

తిరిగే యంత్రం ఏదైనా సరే, దాని దగ్గర లుంగీ, కండువా, వదులు చేతుల చొక్కా, చేతితొడుగులు పనికిరావు. తొడుగు వేలిని కాపాడదు, చేతిని లోపలికి లాక్కుపోతుంది.

వైరింగు (పటమట, విజయవాడ):

పాతకాలపు చిన్న ప్లగ్గు అన్నారు కనుక రాస్తున్నాను. 1,400 వాట్ల సర్క్యులర్ సా 230 వోల్టుల దగ్గర ఆరు ఆంపియర్లు తీసుకుంటుంది, మొదలయ్యే క్షణంలో అంతకు అనేక రెట్లు. దానికి తోడు దుమ్ము లాగే వ్యాక్యూమ్ క్లీనరు పెడితే పదకొండు దాటుతుంది. మీ ప్లగ్గు ఐదారు ఆంపియర్లకు ఉద్దేశించినది. మెయిన్ బోర్డు నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగతో విడిగా ఒక లైను లాగించి, 16 ఆంపియర్ల సాకెట్టు, దానికి సొంత ఎంసీబీ (లోడు మించితే లైను ఆపే స్విచ్చు), 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపే స్విచ్చు) పెట్టించండి. మీరు కోసేది డాబా మీద. అక్కడ వాన నీళ్లు, ట్యాంకు పొంగిన నీళ్లు ఉంటాయి. ఎర్తింగు ఉందో లేదో ముందు పరీక్ష చేయించండి, పాత ఇళ్లలో మూడో రంధ్రం అలంకారానికి ఉన్న సందర్భాలు నేను చాలా చూశాను. ఎక్స్‌టెన్షన్ రీలు వాడితే తీగ మొత్తం విప్పి వాడండి. చుట్టి ఉంచిన తీగ వేడెక్కి కరుగుతుంది.

నేలమట్టం (సింగ్‌నగర్, విజయవాడ):

మీ గది రెండంతస్తుల పైన ఉన్నందుకు సంతోషించండి. నాది కింది వాటాలో ఉండేది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు నీళ్లు కిటికీ అంచు దాకా వచ్చి రోజుల తరబడి నిలిచాయి. తిరిగి వెళ్లేసరికి ఎండీఎఫ్ అరలు తడిసిన రస్కుల్లా ఉబ్బి ఉన్నాయి, మామూలు ప్లైవుడ్డు పొరలు పొరలుగా విడిపోయింది. నీటికి తట్టుకొనే ఐఎస్ 710 రకం పలకతో చేసిన ఒక్క పెట్టె మాత్రం బురద కడిగితే నిలబడింది. మోటార్లలోకి ఒండ్రు చేరింది, రెండు డ్రిల్లులు పారేశాను. ఉలులు, తోపుడా తుప్పు పట్టాయి కాని చచ్చిపోలేదు. వారం రోజులు కూర్చొని రుద్దితే లేచి వచ్చాయి. ఆ వారంలోనే నేను పాత రంపం గారి పార్టీలో చేరాను.

వరద సంగతి అలా ఉంచినా, మన వానకాలపు తేమకే ఇనుము తుప్పు పడుతుంది. పని ముగిశాక పనిముట్లను పొడిగుడ్డతో తుడిచి, నూనె చుక్క రాసిన గుడ్డతో మరోసారి తుడవండి.

మెట్లగది:

కలప సంగతి ఇంకా అడగలేదు. బల్లకు టేకు తప్ప మరొకటి పనికిరాదని ఇంట్లో అంటున్నారు. అడితిలో ధర వినగానే బయటికి వచ్చేశాను.

పాత రంపం:

నేర్చుకునే చేతికి టేకు అనవసరం. మొదటి ఆరు నెలలు ప్యాకింగు పెట్టెల పైన్ చెక్క కొనండి. మేకులు మాత్రం ఒక్కటి మిగలకుండా తీయండి, లేకుంటే నూరిన ఉలి శ్రమంతా ఒక్క దెబ్బతో పోతుంది. మామిడి చవక, పనికి మెత్తన, కాని పుచ్చు పట్టి పిండి రాలుస్తుంది. బోరాక్సు, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్లు బాగా పట్టించి ఆరనివ్వాలి. వేప గట్టిది, కొంత చేదు దుమ్ము లేస్తుంది, ఇంటి పీటలకు నాకు అదే ఇష్టం. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్ల దగ్గర గట్టి కర్ర తుంటలు మిగులుతాయి. అడిగి చూడండి, పొయ్యిలోకి వెళ్లేవాటిని ఇచ్చేస్తారు.

కొన్న కలపను వెంటనే కోయకండి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్ల మాట నాకు తెలియదు కాని, తొందరపడి పచ్చికర్రతో చేసిన నా మొదటి బల్ల మే నెలలో రాత్రిపూట టప్పుమని పగిలిన శబ్దానికి ఇంటిల్లిపాదీ లేచారు. అంగుళం మందానికి ఏడాది ఆరాలని పాతవారి లెక్క. ఆరిన చెక్క కూడా నిలకడగా ఉండదు. పొడవులో దాదాపు మారదు, వెడల్పులో మాత్రం వానకు పెరిగి ఎండకు తగ్గుతుంది. అడుగు వెడల్పు గల పలకలో ఒక సూతు దాకా తేడా రావచ్చు. అందువల్ల బల్ల పైచెక్కను చట్రానికి జిగురుతో అంటించకండి, కోలగా చేసిన రంధ్రాల్లోంచి స్క్రూలు వేసి దానికి కదిలే స్వేచ్ఛ ఇవ్వండి.

బాల్కనీ బల్ల:

ఒక్క మాట చేర్చాలి. అవిసె నూనె పూత వేసిన గుడ్డలను ఉండ చుట్టి మూలన పడేయకండి. ఆ నూనె ఆరుతూ వేడి పుట్టిస్తుంది, గాలి ఆడని ఉండలో తనంతట తానే నిప్పు అంటుకుంటుంది. విప్పి తీగ మీద ఆరేయండి, లేదా నీళ్లలో ముంచి పారేయండి. లక్క పాలిష్ అయితే వాన ముసురులో వేయకండి, తెల్లటి మసక పట్టి ఏడిపిస్తుంది.

మెట్లగది:

నాలుగు నెలల తర్వాత రాస్తున్నాను. కొత్త లైను లాగించాను. ఎర్తింగు నిజంగానే అలంకారమని తేలింది. మడత బల్ల 33 అంగుళాల ఎత్తున గోడకు నిలిచింది. బల్ల ఎత్తితే తలుపు పూర్తిగా తెరుచుకోదని బిగించాక తెలిసింది, కబ్జాలను అడుగు పక్కకు జరిపాను. సర్క్యులర్ సా ఇంకా కొనలేదు. ప్లైవుడ్డు షాపులో కోయించిన ముక్కలతో పుస్తకాల అర పూర్తయింది, అందులో మూడో అర ఒక సూతున్నర పొట్టి. బాడిశ గారు నవ్వుకోవచ్చు.

పాఠం అడుగుతున్నది మాత్రం స్టూలు గురించి. వేప కర్రతో నాలుగు కాళ్లకూ కుసులు (బెజ్జంలో దూరే కొసలు) తీసి, బెజ్జాలు తొలిచి, మేకు లేకుండా బిగించాను. కుసులు గట్టిగానే ఉన్నాయి, కాని స్టూలు ఒక మూల ఊగుతోంది. పొడవుగా ఉన్న కాలిని రుద్దితే ఇప్పుడు ఎదురు మూల ఊగుతోంది. ఇలాగే పోతే పీట అయ్యేలా ఉంది.

పాత రంపం:

ఇక కాలిని ముట్టుకోకండి. ముందు నేలను అనుమానించండి. మీ గది గచ్చు చదునుగా లేకపోవచ్చు, మందపాటి అద్దం మీదనో, గ్రానైటు పలక మీదనో పెట్టి చూడండి. అక్కడా ఊగితే పొట్టి కాలి కింద సన్నని చెక్కపేళ్లు దూర్చుతూ, ఊగడం ఆగి, పైభాగం మట్టానికి వచ్చేదాకా సరిచేయండి. తర్వాత అన్నిటికంటే పొట్టి కాలి అడుగు నేల నుంచి ఎంత పైకి లేచిందో చూసి, అంతకంటే కాస్త మందమైన చెక్కముక్క తీసుకొని, దాని మీద పెన్సిలును పడుకోబెట్టి, ముక్కను పలక మీద జరుపుతూ నాలుగు కాళ్ల చుట్టూ గీత గీయండి. కాళ్లు వాలుగా ఉన్నా గీత మాత్రం నేలకు సమాంతరంగానే వస్తుంది. నాలుగింటినీ ఆ గీత మీదే కోయండి, రంపం మాత్రం గీతకు బయటివైపు ఉండాలి. కోశాక అడుగు అంచులను కొద్దిగా చిత్రిక పట్టండి, లేకుంటే స్టూలును లాగినప్పుడు చెక్క పేళ్లు లేస్తాయి.